మామిడి చెట్టు కింద నీడలోకి పిట్టలు రావాలంటే ముందు చీపురు పక్కన పెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ శివార్లలో సొంత ఇల్లు. ఇంటి వెనక ఉత్తరం వైపు పాత మామిడి చెట్టు. దాని కింద ప్రహరీ గోడ దాకా ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు జాగా. రోజంతా నీడే. గడ్డి వేస్తే చచ్చిపోయింది, బంతి నారు సాగిపోయి పడిపోయింది. ఇద్దరు పిల్లలకీ ఇంటి పట్టునే పిట్టలు, సీతాకోకచిలుకలు చూపించాలని మీ కోరిక. టైల్స్ వేయించి వదిలేయమని ఇంట్లో పెద్దవాళ్ళ సలహా. ఆకులూ మొక్కలూ పెరిగితే పాములొస్తాయని అత్తగారి టెన్షన్.

టైల్స్ మాత్రం వేయించకండి. మీ స్థలం మొత్తంలో పిట్టలకీ పురుగులకీ అన్నిటికంటే పనికొచ్చే జాగా అదే. మే నెలలో మీ ఊరి ఎండకి కాకి కూడా నోరు తెరుచుకుని నీడ వెతుక్కుంటుంది. నీడ, తడి, రాలిన ఆకు ఈ మూడూ ఉన్నచోట అవి వచ్చిపోవడంతో ఆగవు, ఉండిపోతాయి. మీ దగ్గర వీటిలో రెండు ఇప్పటికే ఉన్నాయి.

రాజమండ్రి దగ్గర మా పెరట్లో పనస, మామిడి చెట్ల కింద ఇలాంటి మూలని నేను ఇరవై రెండేళ్ళుగా చూసుకుంటున్నాను. మొదట్లో కడియం నర్సరీల నుంచి ఆటో నిండా క్రోటన్లు, రంగు ఆకుల మొక్కలు తెచ్చి నాటాను. బ్రహ్మాండంగా పెరిగాయి. ఒక్క ఆకుకి చిల్లు పడలేదు, ఒక్క పిట్ట కూడా కిందకి దిగలేదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. పిట్టలంటే గింజలు, పళ్ళు తిని బతుకుతాయని అనుకుంటాం. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకి పురుగుల్నే తెచ్చి పెడుతుంది. తేనె తాగే తేనెపిట్ట తన పిల్లలకి సాలీళ్ళని, చిన్న చిన్న పురుగుల్ని ఏరుకొస్తుంది. కాబట్టి మీరు ముందు పిలవాల్సింది పురుగుల్ని. పిట్టలు వాటి వెనకే వస్తాయి.

ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఒక రోజంతా ఎండ ఎలా తిరుగుతుందో చూడండి. పొద్దున ఎనిమిదికి, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఎండ పడే చోట సుద్దముక్కతోనో, పుల్లలు గుచ్చో గుర్తు పెట్టండి. ఇందులో చాలామంది పొరపాటు పడేది ఒకటుంది. విజయవాడ దగ్గర సుమారుగా మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. చలికాలంలో చీకటిగా ఉండే ఉత్తరపు మూలలో, వేసవిలో ప్రహరీ పక్కన రెండు మూడు గంటలు ఎండ దిగవచ్చు. అంచున పెట్టే మొక్కలకి ఆ ఎండే ఆధారం. పూర్తి నీడ కోరే మొక్కని అక్కడ పెడితే మే నెలలో మాడిపోతుంది.

ఇక చీపురు సంగతి. మీ ఇంట్లో రోజూ పొద్దున్నే ఆ ఆకులన్నీ ఊడ్చి మూలకి చేర్చి తగలబెడుతున్నామని రాశారు. ముందు ఆపాల్సిన పని అదే. రాలిన ఆకు కింద తేమ నిలుస్తుంది. ఆ తేమకి వానపాములు, రోకలిబండలు, సాలీళ్ళు, పేరు తెలియని బుల్లి పురుగులు చేరతాయి. మామిడి ఆకు మందం, ఒక పట్టాన కుళ్ళదు. అందుకే వేపాకు, మునగాకు, కూరగాయల తొక్కలు కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. నెలకోసారి పలచటి పేడనీళ్ళు చల్లండి. రెండు వానలు పడ్డాక మీ పిల్లల చేత ఒక కర్రపుల్లతో పైపొర కాస్త పక్కకి జరిపించి చూడండి. కింద ఆకులు జల్లెడలా అయిపోయి, ఈనెలు మాత్రమే మిగిలి ఉంటాయి. అడుగున మట్టి కాఫీపొడి రంగులోకి మారి ఉంటుంది.

ఆ పొర తయారైన ఏడాదే మా ఇంటికి సిద పిట్టలు రావడం మొదలైంది. మట్టిరంగు పిట్టలు, ఏడెనిమిది కలిసి గోలగోలగా తిరుగుతాయి, చూసే ఉంటారు. ఒక్కో ఆకునీ ముక్కుతో పట్టి పక్కకి విసిరేస్తూ, కింద ఏముందో చూసుకుంటూ వరసగా నడుస్తాయి. పాత పుస్తకంలో పేజీలు తిప్పినట్టే ఉంటుంది ఆ చప్పుడు.

ఇంటి గోడకి మాత్రం మూడు అడుగుల దూరం వదలండి, చెదల బెడద ఉండదు. మామిడి మొదలు చుట్టూ కూడా ఒక అడుగు వదలండి, లేకపోతే బెరడు నాని చెడిపోతుంది. ఆకుల పొర చుట్టూ పాత ఇటుకలతో వరసగా ఒక అంచు కట్టండి. ఇది పిట్టల కోసం కాదు, ఇంట్లోవాళ్ళ కోసం. అంచు లేకపోతే అది ఊడవని చెత్తలా కనిపిస్తుంది. అంచు ఉంటే అది ఒక మడి. మా అమ్మ చేతిలోంచి చీపురు దింపించింది ఆ ఇటుకల వరసే.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. మన ఊళ్ళలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర నిజంగానే ఉన్నాయి. అయితే పాము వచ్చేది ఎలుకల కోసం, కప్పల కోసం, దాక్కోవడానికి సందు కోసం. మెతుకులు, నూకలు నేల మీద పడేస్తే రాత్రికి ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాము చేరుతుంది. ఇంటి పక్కన పేర్చిన ఇటుకలు, కట్టెలు, కొబ్బరి డొక్కలు, వాడని డబ్బాలు పామునీ తేలునీ దాచిపెట్టేవి. ఆకుల మడి కంటే ఆ కుప్పలే ఎక్కువ ప్రమాదం. వాటిని ముందు తీయించండి. వెనక గుమ్మం నుంచి మడి దాకా మూడడుగుల వెడల్పున శుభ్రంగా ఊడ్చిన బాట ఉంచండి. చీపురు పని అక్కడ. గుమ్మానికి దగ్గరగా ఆకుల పొర వద్దు, ప్రహరీ వైపు జరపండి. మురుగు గొట్టాలకి జాలీలు బిగించండి. చీకటి పడ్డాక చెప్పులు, టార్చిలైటు లేకుండా ఎవరూ వెళ్ళకూడదు. ఆకుల కింద చెయ్యి పెట్టకూడదని, ఏది చూడాలన్నా పుల్లతోనే కదపాలని పిల్లలకి మొదటి రోజే చెప్పండి. కలుపు తీసేటప్పుడు మీరు కూడా చేతికి తొడుగులు వేసుకోండి, జెర్రి కుట్టినా రాత్రంతా నిద్ర ఉండదు.

పాము కనిపిస్తే కొట్టకండి. కొట్టబోయి కాటు పడ్డవాళ్ళు చాలామంది. దూరం నుంచి అది ఎటు పోతుందో చూస్తూ, అటవీ శాఖవాళ్ళకో పాములు పట్టేవాళ్ళకో ఫోన్ చేయండి. ఒకవేళ కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, మంత్రం, పసరు ఏదీ వద్దు. చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్ళాలి. ఇంకో మాట, నున్నగా మెరుస్తూ బుల్లి కాళ్ళతో జరజరా పాకే నలికిరిని చూసి పాము పిల్ల అని చంపేస్తుంటారు. దానికి విషం లేదు. జెర్రిపోతుకీ విషం లేదు, అది తినేది ఎలుకల్ని. ఈ రెండింటినీ పిల్లలకి బొమ్మల్లో చూపించి గుర్తుపట్టడం నేర్పండి.

తర్వాత నీళ్ళు. మామిడి చెట్టు కింద చిన్న కుంట తవ్విద్దామా అన్నారు. వద్దు. రోజూ పడే ఆకులకి నీళ్ళు నాలుగు రోజుల్లో నల్లబడి కంపు కొడతాయి, పైగా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అడుగు వెడల్పు మట్టి మూకుళ్ళు రెండు చాలు. లోతు రెండు అంగుళాలకి మించకూడదు, మధ్యలో గరుకు రాయి ఒకటి పెట్టాలి. పిట్ట ముందు ఆ రాయి మీద వాలి, లోతు చూసుకుని అప్పుడు నీళ్ళలోకి దిగుతుంది. ఒకటి నేల మీద ఇటుకపై, ఇంకొకటి నాలుగడుగుల ఎత్తున పెట్టండి. రెండింటి చుట్టూ ఐదారు అడుగుల మేర గుబురు మొక్కలు లేకుండా చూడండి, పిల్లి పొంచి ఉండేది అక్కడే. పైన మామిడి కొమ్మ ఎలాగూ ఉంది, తడిసిన పిట్ట ఎగిరి కూర్చోవడానికి.

రోజూ పొద్దున్న నీళ్ళు పారబోసి, కొబ్బరి పీచుతో మూకుడు అంచులు రుద్ది, మళ్ళీ నింపండి. రుద్దడం ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో తేలవు, గిన్నె గోడకి అంటుకుని ఉంటాయి. నీళ్ళు మార్చి గోడ వదిలేస్తే ఫలితం లేదు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి రోజూ చేసేవాళ్ళకి భయం లేదు. ఊరెళ్ళేటప్పుడు మూకుళ్ళు బోర్లించి వెళ్ళండి.

శివాలయంలో లింగం మీద ధారాపాత్ర చూసుంటారు కదా, అలాంటిదే ఒకటి కట్టండి. చిన్న కుండకి అడుగున సన్నటి చిల్లు పెట్టి, అందులో గుడ్డపేలిక దోపి, మూకుడికి పైన కొమ్మకి వేలాడదీయండి. నీళ్ళు నిండుగా పెట్టినా కనిపెట్టని పిట్టలు, చుక్క పడే చప్పుడు వింటే దిగుతాయి. మా ఇంట్లో అది కట్టిన మూడో రోజు సాయంత్రం దాసరి పిట్ట వచ్చింది. తోకని విసనకర్రలా విప్పుతూ మూస్తూ, పడే చుక్క కింద తల పెట్టి, వెనక్కి దూకి, మళ్ళీ ముందుకొచ్చి, పావుగంట సేపు స్నానం చేసింది. మా చిన్నది హోంవర్క్ వదిలేసి కిటికీ దగ్గర నిలబడింది.

మొక్కలకి నర్సరీ దాకా వెళ్ళనక్కర్లేదు, చాలావరకు పక్కింటివాళ్ళని అడిగితే కొమ్మో దుంపో ఇస్తారు. చెట్టు కింద చిక్కటి నీడలో పసుపు, అల్లం, చేమ వేయండి. మామిడి మొదలు పక్కన తమలపాకు తీగ పెట్టి పైకి పాకించండి. పసుపు ఆకులు పెద్దవై ఒకదాని మీద ఒకటి వాలితే కింద బోదురు కప్పలకి చల్లటి చోటు దొరుకుతుంది. వేసవిలో మట్టిలో దాక్కునే కప్ప తొలకరికి బయటికి వచ్చి రాత్రంతా పురుగుల్ని తింటుంది. పగిలిన కుండ ఒకటి సగం మట్టిలో పడుకోబెట్టి ఉంచితే దానికి అదే ఇల్లు.

ఎండ కాస్త తగిలే అంచున కరివేపాకు, నందివర్ధనం, కనకాంబరం, డిసెంబరాలు, మందారం పెట్టండి. ఒక కుండీలో రణపాల వేయండి. వీటిలో కరివేపాకు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలకి నేను మొదట చూపించేది అదే. కామన్ మోర్మన్ అనే నల్ల సీతాకోకచిలుక లేత కరివేపాకు రెబ్బల మీద గుండుసూది తలంత గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన పురుగు మొదటి రోజుల్లో అచ్చం పిట్ట రెట్టలా, నలుపూ తెలుపూ మచ్చలతో ఉంటుంది. అలా ఉంటే పిట్టలు ముట్టుకోవు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. దాని తల దగ్గర పుల్లతో మెల్లగా తాకితే ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తన్నుకొస్తాయి, ఘాటైన వాసన వస్తుంది. మొదటిసారి చూసిన పిల్లాడు దాన్ని జీవితంలో మర్చిపోడు. పోపులోకి కరివేపాకు మిగలదని పెద్దవాళ్ళు అంటారు కాబట్టి రెండు మొక్కలు వేయండి. ఒకటి వంటింటికి, ఒకటి వీటికి.

రణపాల ఆకు అక్కడక్కడ ఉబ్బి పల్చబడితే పడేయకండి, వెలుతురుకి ఎత్తి చూడండి. లోపల పురుగు తిరుగుతూ కనిపిస్తుంది. రెడ్ పియరో అనే సీతాకోకచిలుక పిల్ల ఆ మందపాటి ఆకు లోపలే ఉండి తిని పెరుగుతుంది. నందివర్ధనం మీద బొటనవేలంత ఆకుపచ్చ పురుగు, మెడ దగ్గర రెండు నీలం కళ్ళతో ఉంటే అది పెద్ద చిమ్మట పిల్ల. ఆ కళ్ళు ఉత్తివి, శత్రువుల్ని బెదిరించడానికి. రెండు కొమ్మలు బోడి చేస్తుంది, తర్వాత మొక్క మళ్ళీ చిగురిస్తుంది. కత్తెర పట్టుకుని పరుగెత్తకండి.

మీ మామిడి చెట్టు మీద కూడా ఒకటి ఉండే ఉంటుంది. కామన్ బ్యారన్ అనే సీతాకోకచిలుక పిల్ల పురుగు ఆకు మధ్య ఈనె వెంట నిలువుగా పడుకుంటుంది. దాని వీపు మీద లేత గీత ఈనెతో కలిసిపోతుంది, ఒంటి చుట్టూ ఈకల్లాంటి ముళ్ళు ఆకుకి అంటుకుని నీడ కూడా పడనివ్వవు. ముక్కు ఆనించి చూస్తున్నా కళ్ళు పట్టుకోవు. ఆ సీతాకోకచిలుక పువ్వుల కంటే రాలి పులిసిన పళ్ళనే ఇష్టపడుతుంది. మగ్గిపోయిన మామిడిపండు, నల్లబడ్డ అరటిపండు ఒక పళ్ళెంలో వేసి నడుమెత్తున వేలాడదీయండి. ఈవెనింగ్ బ్రౌన్ అనే ఎండుటాకు రంగుది మసక చీకట్లో అక్కడికి వస్తుంది. రాత్రికి పళ్ళెం లోపలికి తెచ్చేయండి, ఎలుకల మాట గుర్తుంది కదా. సీతాకోకచిలుకల కోసం లాంటానా పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. దాని గింజల్ని పిట్టలే మోసుకెళ్ళి అడవుల్లో పడేస్తాయి, అది పాకిన చోట మన మొక్కలు బతకవు.

నూకలు, బియ్యం వేయడం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. మీ మూలకి అవి వద్దు. గింజలు చల్లితే పావురాలు, కాకులు చేరతాయి. కాకి గూళ్ళలోంచి గుడ్లు, పిల్లలు ఎత్తుకుపోతుంది. మీరు ఎదురుచూసే చిన్న పిట్టలు ఆ గోలకి దూరంగా పోతాయి. పిచ్చుకల మీద ప్రేమ ఉంటే ముందు వైపు వసారాలో వరికంకులు కట్టండి, మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే.

మందుల విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టిందని ఒక ఏడాది నేను చెట్టంతా మందు కొట్టించాను. పక్కనే పనస కొమ్మకి చేతికందే ఎత్తులో తేనెపిట్ట గూడు వేలాడుతోంది, సాలెపట్టుతో అల్లిన చిన్న సంచిలా. లోపల రెండు పిల్లలు. మరుసటి రోజు తల్లి వస్తూనే ఉంది గానీ ముక్కులో ఏమీ లేదు. మూడో రోజుకి గూట్లో చప్పుడు ఆగిపోయింది. ఆ ఏడాది కాయ బాగానే కాసింది, నాకు తినబుద్ధి కాలేదు. అప్పటినుంచి మా పెరట్లో మందు డబ్బా లేదు. ఇంటి చెట్టుకి కాపు కాస్త తగ్గినా కుటుంబానికి సరిపోతుంది. పూత మీద గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టడం, ఎండుకొమ్మలు తీసి గాలి ఆడనివ్వడం చాలు. దోమల పొగ వేసేవాళ్ళు వస్తే మీ పెరటి తలుపు మూసేయండి.

మొదటి వానాకాలంలో కప్పలు, నత్తలు, రోకలిబండలు, కరివేపాకు మీద పురుగులు వస్తాయి. మొదటి చలికాలానికి సిద పిట్టలు, పిగిలి పిట్టలు (బుల్‌బుల్‌లు) నీళ్ళకి అలవాటు పడతాయి. దర్జీ పిట్ట గొంతు పెద్దది, ముందు మాట వినిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తుంది. మందారం ఆకులు కలిపి కుట్టి ఉంటే అది దాని గూడు, ఆ కొమ్మని నెల రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. నలుపూ తెలుపూ రంగుల్లో ఉండే పెద్ద నలంచి పిట్టకి గూడు పెట్టడానికి తొర్ర కావాలి. మామిడికి ఎండిన లావు కొమ్మ ఉంటే, కింద ఎవరూ తిరగని వైపు అయితే, కొట్టించకుండా ఉంచండి. ఫిబ్రవరి చివర నుంచి దాని పాట వినిపిస్తుంది.

ఇంకొక అతిథి ఉంది. అది వచ్చేది మీ దగ్గరలాంటి నీడ, ఆకులు ఉన్న చోటుకే. పొన్నంగి పిట్ట, హిందీవాళ్ళు నవరంగ్ అంటారు. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, కంటికి అడ్డంగా నల్ల గీత, తోక కింద ఎరుపు, పొట్టి తోక. వేసవిలో హిమాలయాల కింది అడవుల్లో, మధ్య భారతంలో పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణానికీ శ్రీలంకకీ వస్తుంది. ఆకుల మీద గెంతుతూ, వాటిని తిప్పి పురుగులు ఏరుకుంటుంది. పొద్దున, సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దాన్ని ఆరు గంటల పిట్ట అంటారు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియో దీని జాతికి పెట్టిన పేరు పిట్ట. అది మన తెలుగు మాటే, ప్రపంచమంతా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తోంది. ఈ సంగతి మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి.

అక్టోబరు, నవంబరుల్లో రాత్రిపూట ప్రయాణం చేసి అలిసిపోయి ఇవి పెరళ్ళలో దిగుతాయి, ఒక్కోసారి కిటికీ అద్దాలకి కొట్టుకుంటాయి. అందుకే దసరా దాటాక వెనక గదుల కర్టెన్లు వేసి ఉంచండి. కిందపడిన పిట్ట దొరికితే నీళ్ళు నోట్లో పోయకండి, అన్నం పెట్టకండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, అందులో ఉంచి, మూత వేసి, చీకటిగా సందడి లేని గదిలో పెట్టండి. గంటా రెండు గంటల్లో తేరుకుంటే లోపల గెంతడం వినిపిస్తుంది. అప్పుడు పెట్టెని ఆ మామిడి చెట్టు కిందికే తీసుకెళ్ళి, నేల మీద పెట్టి, మూత తీసి పిల్లల్ని తీసుకుని పదడుగులు వెనక్కి వచ్చేయండి. లేవలేకపోతే ఆలస్యం చేయకుండా అటవీ శాఖవాళ్ళకి అప్పగించండి.